పైబెర్తు నుంచి ఫణిగిరికి

పదిహేడు రాత్రులు
మూడంతస్తుల బెర్తుల్ల, అన్నిటికన్నా పైన,
ముక్కుకు కప్పు తగులుతుంటే పడుకున్న.
పెట్టెకొక వేడినీళ్ల నల్లా.
లోయాంగ్ దాకా నా స్టీలు గ్లాసును
ఎవరో ఒకరు నింపుతనే ఉన్నరు.
ఒక ముసలామె పొద్దుతిరుగుడు గింజలు దోసిట్ల పోసి
ఏదో అడిగింది.
"నల్లగొండ" అన్న.
తలూపింది, తెలిసిన ఊరే అన్నట్టు.

దాతోంగ్ గుహల్ల మెడ గుంజేదాకా చూసిన.
బుద్ధుడి చెవి ఒక్కటే మా బడి తలుపంత.
ఎంత వెనక్కి జరిగినా
ఫొటోల మోకాళ్ల దాకనే పట్టిండు.

ఇయ్యాల ఫణిగిరి గుట్ట ఎక్కుతున్న.
అదే వీపుసంచి, జిప్పు తెగింది.
పక్కజేబుల అక్కడి రైలు టికెట్టు,
అండ్ల నా పేరొక్కటే చదవొస్తది.
ముందు నడుస్తుండు కావలి ముత్తిలింగం.
"సీతాఫలాలు కాస్తయా ఆడ?"
"రైల్ల పల్లీలమ్ముతరా?"
మా స్టాఫ్‌రూముల ఎవరూ అడగనివి.

పైన, ఇటుకల వరస పక్కన
తువ్వాలతోని ఎండుటాకులు దులిపిండు.
రాతి మీద రెండు పాదాలు,
అరికాళ్లల్ల చక్రాలు.
ఆ పైన
ఉత్త ఎండ.

ఫోన్ల దాతోంగ్ చూపించిన.
కిందికి జరపమన్నడు, ఇంకా కిందికి,
బొమ్మ అంచు దాకా.
"కాళ్లు కానొస్తలేవు గదా టీచరమ్మా.
మనిషి అటే పోయిండు,
ఇవి ఈడ్నే మర్చిపోయిండు."

నవ్విన. ఆయన నవ్వలే.

తిర్మలగిరి బస్సు నాలుగింటికని చెప్పి,
నేను అడగకముందే
తన సీసాల నీళ్లు నా గ్లాసుల వంచిండు.
చల్లగున్నయి.