ఆదివారం రేటు

జిలాంగ్‌లో, నార్త్ షోర్ రైలు పట్టాల వెనక
మా లాండ్రీ.
ఆస్పత్రి దుప్పట్లు, మోటళ్ల తువ్వాళ్లు,
ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ల బురద చొక్కాలు.
నాలుగు మెషీన్లు, ఒక ఇస్త్రీ రోలరు, ఆరుగురు మనుషులు.
ఏడోదాన్ని నేను, జీతాలిచ్చేదాన్ని.

ఆమె పేరు నా పా వా.
బర్మా సరిహద్దు కొండల కరెన్ మనిషి.
వాళ్లలో ఆడవాళ్ల పేరు ముందు ‘నా’ అంటారట,
మనం గారు అన్నట్టు.
అది తెలియక రెండేళ్ల పైన
ఆ పేరుని తెలుగులోనే విన్నాను.
నా మనిషి.
నా చేతికింది మనిషి.

ఆదివారాలూ వచ్చేది.
ఆస్పత్రికి ఆదివారమేమిటి, రక్తం మరకకి సెలవేమిటి.
మామూలు రేటే కట్టాను.
అడగలేదు కదా.
పుట్టినరోజుకి కేకు తెచ్చాను,
చలికాలంలో నా పాత కోటు ఇచ్చాను.
ఇంట్లో మనిషిలా చూసుకుంటున్నానని
అడిగిన వాళ్లకి చెప్పేదాన్ని,
అడగని వాళ్లకి కూడా.

ఒక గురువారం, టీ వేళ,
బల్లమీద స్కూలు నోటుబుక్కు పెట్టింది.
కూతురిది. ముందు సగం భిన్నాలు.
వెనక నుంచి తిప్పితే
నూట పద్నాలుగు ఆదివారాలు.
వచ్చిన టైము, వెళ్లిన టైము,
మడిచిన దుప్పట్లెన్నో కూడా. అది ఎవరూ అడగరు.
చివర ఎర్ర పెన్నుతో పిల్ల కట్టిన మొత్తం
పదమూడు వేల ఆరువందల ఎనభై.
కింద రెండు గీతలు.

“కోపం కాదు. లా” అంది.
ఆ మాట కూడా ఆమె నోట్లో
‘నా’ లాగే వినబడింది.

నేను నీళ్లు నమిలాను.
లాండ్రీలో నీళ్లకేం కరువు.
తెలీదన్నాను. అబద్ధం.
రేట్ల కాగితం గోడమీదే ఉంది,
దానిమీద క్యాలెండరు తగిలించింది నేనే.
అందులో ఆదివారాలన్నీ ఎర్రగా ఉంటాయి.

రాత్రి అకౌంటెంటు డెస్పినాకి ఫోను చేశాను.
షిఫ్టులు తగ్గిస్తే?
“అడిగినందుకు తగ్గిస్తే అది రెండో తప్పు.
మొదటిదే కట్టలేక చస్తున్నావు” అంది.
అవతల ఏదో నములుతోంది.

నిద్ర పట్టలేదు.
మా అమ్మమ్మ పైడమ్మ ఊరి బట్టలు ఉతికింది.
ఆమె పద్దు గోడమీది బొగ్గు గీతలు.
కళ్లంలో అందరూ కొలుచుకున్నాక
చివర్న నిలబడితే చేటెడు గింజలు.
తక్కువైందంటే
“మా పైడమ్మవి కావూ” అనేవారు.
ఆ ‘మా’ వచ్చి చేటలో పడేది,
గింజలకు బదులు.
వానాకాలంలో గోడ చెమ్మెక్కి
గీతలు కారిపోయేవి.
ఏడేళ్లు కాగితాలు దాచాలన్న చట్టం
ఆ గోడకి ఎవరూ చెప్పలేదు.

మూడు విడతల్లో కట్టాను.
మంచితనంతో కట్టానని రాయను.
బ్యాంకులో రెండో విడత వేసేటప్పుడు
ఆ కోటు ధర మినహాయించుకోవచ్చా అని
ఒక్క క్షణం ఆలోచించాను.

మూడో విడత పడిన మర్నాడు
రాజీనామా ఇచ్చింది.
రెండు వారాల ముందు, రాతపూర్వకంగా, తేదీ వేసి.
ఆ రెండు వారాలూ ఒక్క నిమిషం ఆలస్యం లేదు.
కొత్త కుర్రాడికి
నాలుగు మూలల ఎలాస్టిక్ దుప్పటి మడవడం నేర్పింది,
మూలలో మూల దోపి,
మా వాళ్లెవరికీ చేతకానట్టు.
నేనెన్నడూ కొనివ్వని చేతి తొడుగులు
తనవి తనే ఉతికి ఆరేసింది.

చివరి రోజు ఆదివారం.
క్యాలెండరు అప్పటికే వేరే మేకుకి మారింది.
గేటు దాకా వెళ్లి పిలిచాను,
“నా పా వా.”
ఈసారి వాళ్ల భాషలో.

తిరిగి చూసింది.
“పేస్లిప్పు,” అంది,
“డబ్బు వేసిన మర్నాటికల్లా రావాలి.”