దారం కొస

గ్రిమ్స్‌బీలో, చేపల రేవుకి రెండు వీధుల ఇవతల
మా ఆల్టరేషన్ కొట్టు. నేనూ, డానుటా.
ప్యాంట్ల కాళ్ళు కురచ చెయ్యడం, జిప్పులు మార్చడం,
ఎండలొచ్చాక స్కూలు పిల్లల పార్టీ గౌన్లకి నడుము బిగించడం.
పద్నాలుగేళ్ళు
దారం కొస పెదాల మధ్య తడిపి
ఒక్క గురికి సూదిలోకి ఎక్కించాను.

ఇప్పుడు నోట్లో తడి లేదు.

చెవి కింద, దవడ మూలన
చింతగింజంత ఏదో చేతికి తగిలితే
పంటి వాపనుకున్నాను.
లాలాజల గ్రంథి అని తేలింది.
ఎనిమిదో తరగతి సైన్సులో
బొమ్మ గీసి భాగములు గుర్తించుము, అయిదు మార్కులు.
నాకు నాలుగే వచ్చాయి.
ఏది వదిలేశానో ఇప్పుడు గుర్తులేదు.

కోశారు, కుట్టారు.
కట్టు విప్పిన రోజు అద్దంలో చూసి
ఎవరో చెయ్యి తిరిగినవాళ్ళే అనుకున్నాను.
చెవి ముందు నుంచి మెడ మడత దాకా
ఎక్కడా పోగు లాగినట్టు లేదు.
నవ్వు మాత్రం కుడివైపు కిందికి జారింది,
అంచు ఊడిన లంగాలా.

ఆ తర్వాత హల్‌కి, హంబర్ వంతెన మీదుగా,
ముప్ఫైసార్లు.
డానుటా బండి నడిపేది.
కింద బురదరంగు నీళ్ళు
పోయేటప్పుడు ఒక పక్కకి, వచ్చేటప్పుడు ఇంకో పక్కకి.
మొహానికి వల తొడిగి బల్లకి బిగించేవాళ్ళు.
పదహారో రోజుకి టీ అట్టముక్కయింది.
ఇరవయ్యో రోజుకి చారు తుప్పు నీళ్ళు.
అక్కతో ఫోన్లో కళ్ళు, కాళ్ళు, పెళ్ళి అనాలంటే
నాలుక అంగిట్లో అతుక్కునేది.
మాటకో గుక్క నీళ్ళు.

ఒక తమాషా చెప్పనా?
తెగిన నరం మళ్ళీ మొలిచి దారి తప్పింది.
చింతకాయ పచ్చడి తలుచుకుంటే
నోరూరదు, చెంప ఊరుతుంది.
డానుటా నిమ్మకాయ కోస్తుంటే
నా కుడి చెంప మీద చెమట బొట్లు!
ఇద్దరం నవ్వాం. నేను సగమే.

రెండేళ్ళకి ఊపిరితిత్తుల్లో కనిపించాయి.
బియ్యంలో వడ్లగింజల్లా, ఆరో ఏడో.
ఏరెయ్యకూడదా అన్నాను.
ఏరేవి కావట. నెమ్మదిగా పెరిగే రకమట.
ఎంత నెమ్మది అని అడిగితే
నర్సు తన కుర్చీ దగ్గరికి జరుపుకుంది.
ఆర్నెల్లకో స్కాను.
మధ్యలో జిప్పులు.

ఒకరోజు సూది ముందు పావుగంట కూర్చున్నాను.
స్ప్రే కొట్టి చూశాను, జెల్లు రాసి చూశాను,
గ్లాసులో ముంచి చూశాను.
ఉత్త నీళ్ళకి ఆ జిగురు రాదు, పోగులు విచ్చుకుంటాయి.
డానుటా నా చేతిలో దారం లాక్కుని
తన పెదాల మధ్య పెట్టి తీసి
నాకిచ్చి, మళ్ళీ తన మిషను మీదికి వంగింది.

మా నాయనమ్మకి ఎంగిలంటే ఆమడ దూరం.
గ్లాసు ఎత్తి తాగాలి,
పెదవి తగిలితే బూడిదేసి తోమాలి.
నేస్తం కొరికిన జామకాయ తిన్నానని
నాచేత మూడుసార్లు నోరు పుక్కిలింపజేసింది.
ఆ నీళ్ళన్నీ ఉమ్మేశానే అనిపిస్తుంది ఇప్పుడు.

సూదిలోకి ఎక్కింది దారం.

ఇప్పుడు రోజూ కొట్టు తెరవకముందే
డానుటా పన్నెండు సూదులు సిద్ధం చేసి
గుడ్డ దిండుకి గుచ్చి పెడుతుంది.
పక్కన నా నీళ్ళ సీసా.
సాయంత్రానికి పదకొండు అయిపోతాయి, ఒక్కోసారి తొమ్మిదే.
దగ్గొస్తే మిషను ఆపి చూస్తుంది,
చూడనట్టు.

నిన్న దారాల ఆర్డరు రాయాల్సొచ్చింది.
నల్లది వెయ్యి మీటర్లా, అయిదువేలా?
పెద్ద రీలు చవక.
డానుటా కిటికీలోంచి ఎదురుగా ఆగిన బస్సుని
చాలాసేపు చూసింది.
అయిదువేలు రాశాను.
తెల్లది కూడా అయిదువేలే.
ఎర్రది మాత్రం చిన్నది చాలు,
ఈ ఊళ్ళో ఎర్రది ఎవరు కుట్టించుకుంటారు గనక.