లేదని రాయి

షాహీనా లోపలికొచ్చి తలుపేసింది.
మూడో పత్రిక కూడా వద్దందట.
ఆ మాట చెప్పడానికి గొంతు ఎంత తగ్గించిందంటే
నేను ఫ్యాన్ ఆపాల్సి వచ్చింది.

లేచి తలుపు తీసినాను.
వరండాలో ఫీజు కట్టే పిల్లల వరుస.
వింటే విననీ.

బీరువా కింది అరలో
మైదుకూరు జౌళి కొట్టు సంచి ఒకటుంది.
పదకొండేళ్ల బరువు.
బల్ల మీద కుమ్మరించినాను.
"చింతిస్తున్నాము" అన్నవి పద్నాలుగు.
ఇంటర్వ్యూలో నా ఇంగ్లీషుకు నవ్వినాయన సంతకంతో ఒకటి.
జవాబే రానివి నాలుగు,
వాటికి తెల్లకాగితం మీద నేనే తేదీ వేసి పెట్టుకున్నాను.

కడప దాటి, సిద్ధవటం దాటి
లంకమల అడవిలో రెండేళ్లు
కలివికోడి కోసం తిరిగినదాన్ని.
పొదల నడుమ మట్టి చదును చేసి
తెల్లారి వంగి అడుగులు చూసేదాన్ని:
కుందేలు, తీతువు, ఎవరిదో తప్పిపోయిన మేక,
మళ్లీ కుందేలు.
ఆరు వందల ముప్పై రాత్రులు
కెమెరా కంట్లో ఊగే కలివి కొమ్మ, అంతే.
నోటుబుక్కులో ఆ పేజీలు
సిగ్గేసి ఖాళీగా వదిలేసేదాన్ని.

దారి చూపే ఓబులేసుకు చదువు రాదు గానీ
ఖాళీ పేజీ గుర్తుపట్టినాడు.
"లేదని రాయి మేడమా.
రాయకపోతే రేపు ఇంకోరొచ్చి
ఇదే గుట్ట మళ్లా ఎక్కి చస్తారు."

రాసినాను.
కనపడని పక్షి మీద వ్యాసమేందని తిప్పి పంపినారు.
అప్పుడు సంచి కొన్నాను.
లోపల చీర కూడా ఉండింది, అది ఎవరికో ఇచ్చేసినాను.
ఉద్యోగమొచ్చినాక
అచ్చయిన రెండు వ్యాసాలకు మాత్రం ఫ్రేములు కట్టించి
ఇదిగో, ఈ గోడకు కొట్టించినాను.
నా వెనక ఆ గుట్ట
ఎంతమంది ఎక్కినారో నాకు తెలీదు.

షాహీనా ఒక్కో కాగితం తిరగేస్తా ఉంది.
ఒకచోట ఆగి ఫోను తీసి పక్కన పెట్టింది.
అదే పత్రిక. తొమ్మిదేళ్ల తేడా.
కామాతో సహా అదే వాక్యం.
నవ్వింది. ముక్కు ఎగబీల్చి, మళ్లీ నవ్వింది.
బయట వరుసలో ఎవరో మెడ చాచినారు.

పోతా పోతా గడప మీద ఆగి
"ఇంతకీ ఆ పక్షి, మేడం?"

"లేదు" అన్నాను,
వరండాకంతా వినపడేటట్టు.