మేడ మీద గుడిసె

పెరంబూరులో మేం అద్దెకుండే ఇంటి మేడ మీద
మా ఆయన సమాధానం గుడిసె వేస్తున్నాడు.
పేరుకే సమాధానం.
రెండేళ్ళుగా ఇంట్లో అన్నీ ప్రశ్నలే.

డిసెంబరు ఇరవై అయిదు ఎక్కడ రాసుందో చూపించు, అంటాడు.
ఈస్టరు పేరెత్తితే
లేవీయకాండం ఇరవై మూడో అధ్యాయం మీద వేలు పెడతాడు.
ఆ పేజీ అంచు
మా పాప లెక్కల పుస్తకమంత నలిగిపోయింది.
నక్షత్రం అటక మీద, గోనెసంచిలో.
కేకు లేదు.
పోయినేడు క్యారల్స్ వాళ్ళొస్తే
లైటు తీసేసి కూర్చున్నాం,
అప్పులవాళ్ళొచ్చినట్టు.

ఈ ఏడు పర్ణశాలల పండుగ.
వారం రోజులు ఆకుల కింద ఉండాలట,
కప్పులోంచి చుక్కలు కనబడాలట.
వ్యాసర్పాడి నుంచి కొబ్బరి మట్టలు షేర్ ఆటోలో తెచ్చాడు,
వాటికీ ఒక సీటు డబ్బులిచ్చి.
పాత కేబుల్ వైరుతో కట్టాడు.
ఇంటి ఓనరమ్మ మెట్ల దగ్గర నిలబడి
పైన ఏం విశేషమని అడిగింది.
నేను నవ్వి ఊరుకున్నాను.
తమిళంలో దాన్నేమంటారో నాకు తెలీదు.
తెలిసినా చెప్పేదాన్ని కాదేమో.

అప్పుడెక్కింది మా అత్త సువార్తమ్మ,
మోకాళ్ళు పట్టుకుని, మెట్టుకోసారి యేసయ్యా అంటూ.
గుడిసె చుట్టూ తిరిగింది,
సంతలో గేదెని చూసినట్టు చూసింది.

"ఇదేంట్రా?"
"పర్ణశాల అమ్మా. మన పితరులు ఐగుప్తు నించి వచ్చేటప్పుడు..."
"మీ నాయన కందుకూరు నించి వచ్చాడు."

కింద లైనులో లోకల్ బండి ఒకటి పోయేదాకా
ఎవరం మాట్లాడలేదు.

తర్వాత తనే అంది, మట్ట మీద చెయ్యేసి:
పెళ్ళయ్యేదాకా ఇట్టాంటి దాంట్లోనే ఉన్నా నాయనా,
ఊరికవతల, మురుగ్గుంట పక్కన.
వారం కాదు, పద్దెనిమిదేళ్ళు.
చుక్కలూ కనబడేయి, వానా కనబడేది.
పండగని ఎవరూ అన్లేదు.
డిసెంబరు వస్తే మాత్రం అయ్యగారు
వెదురుబద్దలతో నక్షత్రం చేసి, లోపల లాంతరు పెట్టి
మా పేటలో గడకర్రకి కట్టేవాడు.
దారిన పోయే ఊరోళ్ళు ఆగి తలెత్తి చూసేవాళ్ళు.
మా వైపు తలెత్తి చూట్టం
ఏడాదికి ఆ ఒక్కసారే.

మా ఆయన నోరు తెరిచాడు.
ఏ వచనమూ రాలేదు.

అత్త కూలబడి వైరు ముళ్ళన్నీ విప్పింది.
ఆకు మీద ఆకు, ఈనె కింద ఈనె,
చేతులు వాటంతటవే పోతున్నాయి
ఆమె మొహం వేరే ఎక్కడో ఉంది.
"చుక్కలు కనబడాలమ్మా, సందులుండాలి."
"ముందు పిల్ల తల తడవకూడదు."

ఆ రాత్రే పట్టుకుంది వాన,
సముద్రం వైపు నించి, ఉరుమైనా ఉరమకుండా.
నలుగురం ఆకుల కింద.
ఒక్క బొట్టు కారలేదు.
పాప నిద్రపోయింది.
మా ఆయన వెల్లకిలా పడుకుని
కప్పులోకి చూస్తూనే ఉన్నాడు,
ఎక్కడైనా ఒక్క సందు వదిలిందేమోనని.

చీకట్లో అత్త గొంతు:
"ఇంకెన్ని రోజులురా?"
"ఆరు."
"రేపు ఇంకో చాప పట్రా.
ఎడారిలో తిరిగినోళ్ళకి
నేల చెమ్మ సంగతేం తెలుస్తుంది."