నూటానాలుగో రూము నీళ్ళు

రాత్రి రెండున్నరకే లేస్తా.
స్టేషను వెనక సందులో లాడ్జి,
లాడ్జి వెనక రేకుల కింద బాయిలరు.
ముందు నిన్నటి బూడిద లాగాల.
లాగకుంటే గాలాడదు,
గాలాడకుంటే అగ్గి అలుగుతుంది.

సరుగుడు చిటుక్కున అంటుకుని అంతలోనే అయిపోతుంది.
చింతమొద్దు మొండిది, పట్టిందంటే వదలదు.
పచ్చికట్టె కొసన నురగ కక్కుతా ఏడుస్తుంది.
బోరునీళ్ళ ఉప్పు గొట్టాల్లో పెచ్చుకడితే
నెలకోసారి విప్పి గీకుతా,
శెనక్కాయ పొట్టు మాదిరి రాలుతుంది.
పొగగొట్టంలోకి గోనెపట్ట చుట్టిన కమ్మీ దూర్చేది
మా మేనల్లుడు గజేంద్ర.
దిగేసరికి వాడిలో పళ్ళు మాత్రమే తెలుపు.

ఈ వారం మామిడికట్టె దిగింది.
పొగెక్కువ. తిట్టుకుంటానే వేసినా.

నూటానాలుగో రూము పెద్దాయన
బకెట్టుతో వచ్చి, గాలి పీల్చి
"తోతాపురా?" అన్నాడు.
"ఏమో సామీ. మొద్దు."
వంగి ఒక తుంట తీసుకున్నాడు.
అంటుకట్టిన ముడి మీద బొటనవేలు పెట్టి
చానాసేపు అట్లే ఉన్నాడు.
"బంగారుపాళెం పక్కదా?"
"లారీ ఆ దోవనే వచ్చిందంట."
"ఈ తూరి కోతకూలి గూడా రాలేదులే"
అంటా తుంటను తనే లోపలికి తోసినాడు,
బెరడు కిందికి, కొస గాలికి,
పదేళ్ళుగా నాకు తెలీని తీరులో.

పొగ పలచబడింది.

ఆయన బకెట్టు నింపుకుని పోయినాడు.
మూడో అంతస్తు నించి కేకలు,
ఉడుకునీళ్ళు రాలేదని.
సూది అరవై కాడే ఊగతా ఉంది.
ఇంకో తుంట.
బెరడు కిందికి.