రెండో కాగితం

మేకులూ ముళ్ళతీగా గుర్రాల మందులూ అమ్మే కొట్లోనే
మా ఊళ్ళో వేట లైసెన్సులూ అమ్ముతారు.
ట్వైలా కళ్ళజోడు ముక్కు కొసకి జార్చుకుని
నా ఎల్క్ ట్యాగు అచ్చేసింది.
మిషను చప్పుడు ఇంకా ఆగలేదు,
"మ్యూల్ డీర్ కూడా కలిపేయనా, మార్వా?" అంది,
కూరలో ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా.

వెనక ముగ్గురు నిలబడి ఉన్నారు.
ఒకడి చేతిలో పారకి కొత్త పిడి,
ఒకామె చేతిలో ఎలుకల బోను.
నేను పర్సు తెరిచి అలాగే ఉండిపోయాను.

"తీసుకో పిన్నీ, జేబులో కాగితం బరువా?"
అన్నాడు కార్బిన్.
మా అక్క కొడుకు. పందొమ్మిదేళ్ళు.
ఇంతవరకు ఏ జంతువు పొట్టా చీల్చని చేతులు.

బరువే.
ఆ కాగితం జేబులో ఉంటే కన్ను మారిపోతుంది.
కొమ్మ కొమ్మగా ఉండదు, కొమ్ముగా కనిపిస్తుంది.
ఎల్క్ కోసం చీకట్లో లేచి
మంచు మీద అడుగులో అడుగు వేసుకుంటూ పోతామా,
తెల్లారేసరికి ఓ జింక అడ్డం నిలబడుతుంది.
దాన్ని కాలిస్తే ఆ మోతకి
ఎల్క్ మంద గట్టు దాటి పక్క జిల్లాలో తేలుతుంది.
కాల్చకపోతే రోజంతా అదే గుర్తొస్తుంది.
రెంటికీ చెడ్డ రేవడి బతుకు.

ఇక మోత సంగతి.
టాలో క్రీక్ పైన మా గుడారం, రోడ్డుకి ఆరు మైళ్ళు.
ఎల్క్ ఒక్కటి పడితే మనిషికి మూడు నడకలు.
నా ఎడమ మోకాలు ఒకదానికే ఒప్పుకుంటుంది,
అదీ బతిమాలితే.

మరి ఇంట్లో ఫ్రీజరు?
అడుగున బఠాణీలు,
ఏ ఏటిదో రాత చెరిగిపోయిన సాసేజి పొట్లం,
మిగతాదంతా మంచు.
ఎల్క్ దొరుకుతుందని ఎవరు రాసిచ్చారు?
జింకైతే కనీసం కనిపిస్తుంది.

ట్వైలాకి చెప్పనిది ఇంకొకటుంది.
నేను స్కూలు బస్సు నడుపుతాను.
నిరుడు మార్చిలో మంచు కరుగుతుంటే
కంచె వెంబడి జింకపిల్లలు బయటపడ్డాయి,
ముడుచుకుని, నిద్రపోతున్నట్టు.
బస్సులో పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.
పదిహేడు దగ్గర ఓ పాప వెక్కింది.
లెక్క ఆపమని అరిచాను.
ఒక మగజింక పోతే మందకి లోటు లేదంటారు
ఆ శాఖ వాళ్ళు. నిజమే అయ్యుంటుంది.
వాళ్ళ లెక్కతో నాకు తగువు లేదు,
నాది పదిహేడు దగ్గర ఆగిపోయింది, అంతే.

"వద్దులే" అన్నాను.
పారపిడి మనిషి హమ్మయ్య అనుకున్నాడు.
ట్రక్కులో కూర్చున్నాక చాలాసేపు తాళం తిప్పలేదు.

అక్టోబరు. నాలుగో రోజు.
ఎల్క్ లేదు, ఎల్క్ పేడ కూడా పాతదే.
కాఫీ అయిపోయింది.
జునిపర్ పొదలోంచి అప్పుడు లేచింది,
నలభై అడుగుల్లో,
మెడ లావెక్కిన మగజింక.
కార్బిన్ నా వైపు చూశాడు,
చూశావా అన్నట్టు కాదు,
చెప్పానా అన్నట్టు.

తుపాకి భుజానికే ఉంది.
కళ్ళారా చూశాను.
కళ్ళు నిండితే కడుపు నిండదు, అబద్ధమెందుకు,
వీపు కండ ఎంతుంటుందో కూడా అంచనా వేశాను.

దానికి కంచరగాడిద చెవులు ఊరికే రాలేదు.
ఒక చెవి మా మీదే ఉంచింది.
రెండోది నెమ్మదిగా,
తనకి వేరే యజమాని ఉన్నట్టు,
ఉత్తరపు లోయవైపు తిరిగింది.
తిరిగి అక్కడే ఆగింది.

కార్బిన్ ఏదో అనబోయాడు.
వాడి చేయి పట్టుకుని
నేనూ అటు తల తిప్పాను.

గాలి.
మళ్ళీ గాలి.
ఆ తర్వాత, సన్నగా, గాలి కానిదేదో.