రాత్రి పదింటికి

పగలు రక్తం తీస్తే పురుగు దొరకదంటే
"దానికీ డ్యూటీ టైముందా?" అని నవ్వాడు మానికల చెంచురామయ్య.
అల్లూరు కాలవ కట్ట మీద పద్దెనిమిది గుడిసెలు,
స్తంభానికి ఒకటే బల్బు,
నా చేతిలో గాజు పలకల పెట్టె.

ఎండ్రకాయ ఎప్పుడు బొక్క దాటుద్దో ఎరిగినోళ్లకి
నేను చెప్పాల్సింది ఒక్క ముక్కే:
ఇదీ అంతే,
మనం పడుకునే వేళకి పైకొస్తది.

ముందు వేలు చాపింది పోలమ్మవ్వ.
ఒక కాలికి వెండి కడియం,
రెండోది గుంజకున్న మేకుకి, ఇరవై ఏళ్లుగా.
"నాది తగ్గేది కాదులే పాపా,
సబ్బుతో కడిగి వేళ్ల సందులు తుడుచుకుంటా ఉండా.
ఈళ్లని చూడు."

చుక్క.
గాజు మీద మూడు ఎర్ర గీతలు.

పై నెల మాత్రలు తెచ్చాను.
చెంచురామయ్య నాలిక కింద దాచాడు.
అవ్వ చెంబు పట్టుకుని ఎదురు నిలబడింది,
"నోరు తెరువు."
తెరిచాడు, బళ్లో పిలకాయలా.

తర్వాత నా వైపు తిరిగింది.
"నువ్వు మింగావా?"

నేనింకా ఏమీ తినలేదన్నాను.
పరగడుపున వద్దని చెప్పింది నేనే గదా.

అవ్వ కాలీడ్చుకుంటా లోపలికెళ్లి
సత్తు గిన్నెలో గంజి తెచ్చింది.